జంతికలు మానేయాలా? ముందు ఉప్పు లెక్క తేల్చుకుందాం

బీపీ ఉందని తేలిన రోజు చాలా ఇళ్లలో మొదట జరిగే పని జంతికల డబ్బా అటకెక్కడం. డాక్టరు చెప్పింది "ఉప్పు తగ్గించండి" అని. ఇంట్లోవాళ్లు విన్నది "చిరుతిళ్లు మానెయ్యండి" అని. ఆ రాత్రి భోజనంలో ఆవకాయ ముద్ద, అప్పడం, పెరుగన్నంలో చిటికెడు ఉప్పు ఎప్పటిలాగే ఉంటాయి. ఇష్టమైనది వదులుకున్న బాధ మిగులుతుంది కానీ బీపీ అంకె పెద్దగా కదలదు. నెల తిరిగేసరికి "మానేసినా తగ్గలేదు కదా" అనుకుని డబ్బా మళ్లీ కిందికి దించుతారు.

ఎవరూ లెక్క వేయకపోవడం వల్లే ఇలా జరుగుతుంది. జంతికల్లో ఉప్పెంత, రోజు మొత్తం ఉప్పులో అది ఎన్నో వంతు, అది తీసేస్తే ఒరిగేదెంత అన్నది తెలియకుండా తీసుకున్న నిర్ణయం ఎక్కువ రోజులు నిలబడదు. లెక్క తెలిశాక కొందరికి పూర్తిగా మానేయడమే సరైనదని తేలుతుంది. ఎక్కువమందికి మాత్రం మానాల్సింది వేరే ఏదో అని తెలుస్తుంది.

జంతికలు అన్నంత మాత్రాన ఇది ఒక్క జంతికల సంగతే అనుకోకండి. తెలంగాణలో మురుకులు, సకినాలు, రాయలసీమలో నిప్పట్లు, కోస్తాలో చెక్కలు, చేగోడీలు, ఎక్కడైనా దొరికే కారప్పూస, మిక్చర్ అన్నీ ఈ కుటుంబమే. పాళ్లు మారతాయి గానీ పిండి, నూనె, ఉప్పు అన్న మూడూ అన్నిట్లోనూ ఉంటాయి.

ఒక్క జంతికలో ఎంత?

కాటా ముందు పెట్టుకుని ఒక వాయి లెక్క చూద్దాం. అరకిలో బియ్యప్పిండి, 125 గ్రాముల పుట్నాలపప్పు పొడి, 30 గ్రాముల వెన్న, రెండు పెద్ద చెంచాల నువ్వులు, ఒక చిన్న చెంచా వాము, తగినంత కారం. ఇవి మామూలు ఇంటి పాళ్లే. దీనికి చాలామంది రెండు చిన్న చెంచాల ఉప్పు వేస్తారు. అంచుతో సమంగా గీసి కొలిస్తే ఒక చిన్న చెంచా మెత్తటి ఉప్పు 5.5 నుంచి 6 గ్రాములు తూగుతుంది. అంటే రెండు చెంచాలకు 11, 12 గ్రాములు. అదే గోపురంలా నింపి వేస్తే 16 గ్రాములైనా దాటవచ్చు. "రెండు చెంచాలు" అనే కొలత ఒక్కో ఇంట్లో ఒక్కోలా ఉండేది అందుకే. గల్లుప్పు గింజల మధ్య ఖాళీ ఎక్కువ కాబట్టి అదే చెంచాతో కొలిస్తే బరువు తక్కువ వస్తుంది. అందుకని ఉప్పును చెంచాతో కొలవకుండా తూచడమే మేలు.

ఈ పిండి మూకుట్లో వేగేటప్పుడు నీరు పోయి, నూనె పట్టుకుని, సుమారు 800 నుంచి 850 గ్రాముల జంతికలు అవుతుంది. అంటే 100 గ్రాముల్లో దాదాపు 1.4 గ్రాముల ఉప్పు. ఒక మధ్యరకం జంతిక 15 గ్రాములు ఉంటుందనుకుంటే అందులో ఉప్పు 0.2 గ్రాములు. ఐదు తింటే ఒక గ్రాము.

పెద్దవాళ్లకు రోజు మొత్తానికి ఉప్పు 5 గ్రాముల లోపే ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాల్లోనూ ఇదే అంకె ఉంది. అంటే ఐదు జంతికలు రోజు కోటాలో ఐదో వంతు. ఇది చిన్న భాగమేమీ కాదు. అయితే మిగతా నాలుగు వంతులు ఎక్కడినుంచి వస్తున్నాయో చూడకుండా ఈ ఒక్కదాన్నే పట్టుకుంటే ఫలితం ఉండదు.

అన్నంలో కలుపుకునే 15 గ్రాముల ఆవకాయలో గ్రాము నుంచి గ్రామున్నర ఉప్పు ఉంటుంది, అంటే ఐదు నుంచి ఏడు జంతికలకు సమానం. ఒక అప్పడంలో సుమారు అర గ్రాము. అప్పడాల పిండిలో ఉప్పుతోపాటు కలిపే క్షారంలో కూడా ఉండేది సోడియమే. పెరుగన్నంలో మూడు వేళ్లతో వేసుకునే చిటికెడు కూడా ఇంచుమించు అంతే. మజ్జిగ మిరపకాయ సంగతి చెప్పక్కర్లేదు, అది ఉప్పులో ఊరి ఎండిందే. వీటన్నిటికీ పొద్దున ఇడ్లీ, పచ్చడి, మధ్యాహ్నం పప్పు, కూర, చారు తోడవుతాయి. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) దేశవ్యాప్త సర్వేలో మన సగటు రోజుకు 8 గ్రాములని తేలింది. రెండు పూటలా ఊరగాయ వేసుకునే ఇంట్లో 10 గ్రాములు దాటినా ఆశ్చర్యం లేదు.

మీ ఇంటి సంగతి తెలుసుకోవడానికి ప్రయోగశాల అవసరం లేదు. కిలో ఉప్పు ప్యాకెట్ విప్పిన రోజు దానిమీదే తేదీ రాయండి. నలుగురున్న ఇంట్లో ఒక్కొక్కరికి 5 గ్రాముల చొప్పున రోజుకు 20 గ్రాములు కాబట్టి ప్యాకెట్ 50 రోజులు రావాలి. 25 రోజులకే అయిపోతే తలకు 10 గ్రాములు పడుతున్నట్టు. ఊరగాయ పెట్టిన రోజుల్లో వాడిన ఉప్పును విడిగా రాసుకోండి, కూరగాయలు కడగడానికి పోసింది తీసేయండి. బయట తిన్నదీ, కొన్న ప్యాకెట్లలో వచ్చిందీ ఈ లెక్కలోకి రావు కాబట్టి అసలు అంకె దీనికంటే కొంచెం ఎక్కువే ఉంటుంది.

మానేస్తే బీపీ ఎంత దిగుతుంది?

ఉప్పులో దాదాపు 40 శాతం సోడియం. ఒంట్లో సోడియం పెరిగితే దానికి తగ్గట్టు శరీరం నీటిని నిలుపుకుంటుంది. రక్తం పరిమాణం పెరిగి నాళాల గోడలమీద ఒత్తిడి ఎక్కువవుతుంది. ఆ ఎక్కువ సోడియాన్ని మూత్రంలో బయటికి పంపాల్సింది మూత్రపిండాలు. ఆ పని చురుగ్గా చేయలేని వాళ్లలో ఉప్పు ప్రభావం బీపీ మీద కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. వయసు మీరినవాళ్లు, షుగరు ఉన్నవాళ్లు, కిడ్నీ సమస్య ఉన్నవాళ్లు ఎక్కువగా ఈ కోవలోకి వస్తారు. పాతికేళ్ల ఆరోగ్యవంతుడు అదే ఉప్పు తిన్నా ఆ రోజు అంకెలో తేడా కనపడకపోవచ్చు. ఒకే కంచంలో తిన్న తండ్రీకొడుకుల్లో ఒకరికి బీపీ పెరిగి ఇంకొకరికి పెరగకపోవడంలో వింత లేదు.

ఎన్నో ప్రయోగాల ఫలితాలు కలిపి చూసినప్పుడు తేలింది ఇది: రోజుకు నాలుగైదు గ్రాముల ఉప్పు తగ్గించి నెలకు పైగా అలాగే కొనసాగితే, బీపీ ఉన్నవాళ్లలో పై అంకె సగటున 5 దాకా, లేనివాళ్లలో 2 దాకా దిగుతుంది. ఈ లెక్కన ఐదు జంతికలు మానేసి, అంటే ఒక్క గ్రాము తగ్గించి, మిగతాదంతా యథావిధిగా తింటే దిగేది సుమారు ఒక అంకె. ఇంట్లో వాడే బీపీ మిషన్‌లో రెండు కొలతల మధ్య వచ్చే తేడాయే అంతకంటే ఎక్కువ ఉంటుంది. "మానేసినా తగ్గలేదు" అన్నవాళ్లు చెప్పేది అబద్ధం కాదు, వాళ్లు తగ్గించిన ఉప్పు కొలతకు అందేటంత లేదు.

జంతికలతోపాటు పెరుగన్నంలో ఉప్పు, రాత్రి పూట ఊరగాయ, అప్పడం కూడా తీస్తే మూడు నాలుగు గ్రాములు తగ్గుతాయి. అప్పుడు అంకె కదులుతుంది. ఇంకో దారీ ఉంది. ఆ మూడూ తీసేసి, జంతికలు వారానికి రెండు రోజులు మూడేసి చొప్పున ఉంచుకోవచ్చు. ఉప్పు లెక్కలో ఈ రెండు దారుల మధ్య తేడా చాలా కొద్ది. జంతికలంటే ప్రాణమై, ఊరగాయ అలవాటు కొద్దీ మాత్రమే వేసుకునేవాళ్లు రెండో దారి పట్టాలని మా సలహా. ఇష్టమైనది కొంత మిగిలితే మిగతా నియమం నెలల తరబడి నిలబడుతుంది.

నిజంగా పూర్తిగా మానాల్సిన వాళ్లు

కొందరి విషయంలో బేరాలు లేవు. గుండె బలహీనపడి కాళ్ల వాపు, ఆయాసం ఉన్నవాళ్లు, కిడ్నీ పనితీరు బాగా పడిపోయినవాళ్లు, కాలేయం దెబ్బతిని పొట్టలో నీరు చేరినవాళ్లకు ఒక్క పండుగపూట తిన్న ఉప్పు కూడా మర్నాటికి బరువులో కనిపిస్తుంది. ఒక్క రాత్రిలో కిలో బరువు పెరిగితే అది కొవ్వు కాదు, నిలిచిన నీరు. వీళ్లు రోజూ పొద్దున్నే బరువు చూసుకోవాలి. జంతికలు, మిక్చర్, అప్పడాలు ఇంట్లో ఎదురుగా లేకుండా ఉండటమే మంచిది. మందులు మూడు రకాలు వాడుతున్నా బీపీ అదుపులోకి రానివాళ్లు కూడా, అది దారికొచ్చేదాకా వీళ్లతో సమానమే. మూత్రంలో కాల్షియం రాళ్లు మళ్లీమళ్లీ వచ్చేవాళ్లు కూడా ఉప్పు గట్టిగా తగ్గించాలి. సోడియం ఎక్కువైతే మూత్రంలోకి కాల్షియం కూడా ఎక్కువ పోతుంది.

షుగరు ఉన్నవాళ్లకు ఉప్పుకన్నా పిండి, నూనెలు ముఖ్యం. జంతిక అంటే బియ్యప్పిండి, అందులో పావు వంతుకు పైగా నూనె. 100 గ్రాములకు 500 కేలరీలు దాటుతాయి. ఐదు జంతికలంటే దాదాపు 390 కేలరీలు, ఒక చిన్న భోజనమంత. బరువు, ట్రైగ్లిజరైడ్లు (రక్తంలో ఒక రకం కొవ్వు) పెరిగిన మనిషి ఉప్పు తగ్గించిన జంతికలు చేయించుకుని అదే మోతాదులో తింటే ఏ లాభమూ ఉండదు. ఆ మనిషి తగ్గించాల్సింది సంఖ్య.

ఉప్పు తొందరపడి తగ్గించకూడనివాళ్లూ ఉన్నారు. రోహిణి ఎండల్లో పొలంలోనో, ఇటుకబట్టీలోనో గంటల తరబడి చెమటోడ్చేవాళ్లు చెమటతో సోడియం పోగొట్టుకుంటారు. మూత్రం ఎక్కువ పోయే బీపీ మాత్రలు వాడే పెద్ద వయసు వాళ్లలో కొందరికి రక్తంలో సోడియం పడిపోయి మగత, తడబాటు వస్తాయి. వాళ్లకు డాక్టరే కొంచెం ఉప్పు పెంచమని చెప్పవచ్చు. రక్తపరీక్షలో సోడియం 135 కన్నా తక్కువ వచ్చిన పెద్దాయన చేత, ఎవరో చెప్పారని చప్పిడి తిండి తినిపించడం ప్రమాదం.

ప్యాకెట్ వెనక చదవడం

కొన్న మిక్చర్ విషయంలో కాటాకు బదులు ప్యాకెట్ వెనక పట్టిక చూడాలి. ముందువైపు "బేక్ చేసినది", "మల్టీగ్రెయిన్", "కొలెస్ట్రాల్ లేదు" అని ఏం రాసినా ఉప్పు గురించి అది ఏమీ చెప్పదు. వేయించకుండా కాల్చిన చిప్స్‌లో నూనె తగ్గిన రుచిని ఉప్పుతో పూడ్చిన రకాలూ ఉంటాయి. మొక్కల నూనెలో కొలెస్ట్రాల్ ఎప్పుడూ ఉండదు.

పట్టికలో సోడియం మిల్లీగ్రాముల్లో రాస్తారు. దాన్ని రెండున్నరతో గుణిస్తే ఉప్పు మిల్లీగ్రాములు. ఉదాహరణకు 100 గ్రాములకు సోడియం 700 మిల్లీగ్రాములని ఉంటే ఉప్పు 1.75 గ్రాములు. ఇంటి జంతికలకన్నా ఎక్కువ. బ్రిటన్‌లో ప్యాకెట్ ముందువైపు వేసే రంగుల పద్ధతిలో 100 గ్రాములకు 1.5 గ్రాముల ఉప్పు దాటితే ఎర్ర రంగు వేస్తారు. మనం కొనేటప్పుడు కూడా దీన్ని గీటురాయిగా పెట్టుకోవచ్చు: సోడియం 600 దాటితే ఎక్కువ కిందే లెక్క. రెండు కంపెనీల కారప్పూసల్లో ఒకటి 500, ఇంకోటి 900 ఉండటం మామూలే. ఏ కష్టమూ లేకుండా ఉప్పు దాదాపు సగానికి దించుకునే చోటు ఇదే.

అసలు చిక్కు "ఒక్కసారికి" అన్న గడిలో ఉంది. మన దేశపు లేబుళ్లమీద రోజు అవసరంలో ఎంత శాతం అన్నది ఒకసారి తినే మోతాదుకు లెక్కగట్టి వేస్తారు, సోడియానికి రోజు పరిమితి 2000 మిల్లీగ్రాములు. ఆ మోతాదును కంపెనీ 20 గ్రాములో 30 గ్రాములో అని రాసుకుంటుంది. 30 గ్రాములకు సోడియం 210 మిల్లీగ్రాములు, శాతం 10 పైచిలుకు. చూడ్డానికి భయమేయదు. 150 గ్రాముల ప్యాకెట్ టీవీ ముందు ఖాళీ అయితే 1050 మిల్లీగ్రాములు, అంటే రోజు కోటాలో సగానికి పైగా. 30 గ్రాముల మిక్చర్ ఎంత ఉంటుందో ఒక్కసారి గిన్నెలో తూచి చూడండి. రెండు చిన్న గుప్పిళ్లకు మించి రాదు. అమెరికాలో కొనేవాళ్లు ఇంకో సంగతి గమనించాలి. అక్కడి లేబుల్ రోజు పరిమితిని 2300గా తీసుకుంటుంది. అదే 400 మిల్లీగ్రాములు ఇక్కడ 20 శాతమని, అక్కడ 17 శాతమని కనిపిస్తుంది.

దుకాణంలో విడిగా తూచి ఇచ్చే మిక్చర్‌కు ఏ పట్టికా ఉండదు. దానికి తోడు నూనె అనుమానం ఒకటి. ఒకే నూనె పదేపదే కాగితే అది చెడి, అందులో పోలార్ పదార్థాలు అనేవి పేరుకుంటాయి. అవి 25 శాతం దాటిన నూనె వాడకూడదని ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నియమం 2018 జూలై నుంచి అమల్లో ఉంది. కొనేవాడి చేతిలో మీటరు ఉండదు. ముక్కు మాత్రం ఉంటుంది. సంచి విప్పగానే పాత రంగు డబ్బాలాంటి వాసన వచ్చినా, తిన్న తర్వాత గొంతులో గరగర నిలిచినా ఆ సరుకు వదిలేయండి.

ఉప్పు తగ్గించినా జంతిక పాడవదు

ఆవకాయలో ఉప్పు సగం చేస్తే నెలలోపే బూజు పట్టి జాడీ మొత్తం పోతుంది. అక్కడ ముక్కను కాపాడేవాటిలో ఉప్పే పెద్దది. జంతిక సంగతి వేరు. దాన్ని నిలవ ఉంచేది లోపల నీరు లేకపోవడం. ఉప్పు అక్కడ రుచికోసమే. ఉప్పు సగం వేసినా కరకరలాడతాయి, అదే నెల రోజులూ నిలవ ఉంటాయి. అంత సులువుగా ఉప్పు తగ్గించదగిన పదార్థాన్ని వదిలేసి, తగ్గించడం కుదరని ఊరగాయను రోజూ తినడమే మన ఇళ్లలో ఎక్కువగా కనిపించే పొరపాటు.

తగ్గించడం ఒక్కసారిగా చేయకండి. నాలుక కొన్ని వారాల్లో తక్కువ ఉప్పుకు అలవాటు పడుతుంది, కానీ దానికి ఆ సమయం ఇవ్వాలి. పైన చెప్పిన 625 గ్రాముల పిండికి మొదటిసారి 11కు బదులు 8 గ్రాములు, నెల తర్వాత చేసే వాయికి 6 గ్రాములు వేయండి. 6 గ్రాముల వాయిలో ఐదు జంతికలకు ఉప్పు అర గ్రాముకు కాస్త ఎక్కువ, అంతే. లోటు తెలియకుండా వామును చెంచా నుంచి చెంచాన్నర చేయండి. అర చెంచా జీలకర్ర కచ్చాపచ్చాగా దంచి కలపండి, ఇంగువ నీళ్లు పోయండి. ఆమ్‌చూర్ (ఎండు మామిడి పొడి) అర చెంచా వేస్తే ఆ పులుపు ఉన్న ఉప్పునే ఎక్కువగా అనిపించేలా చేస్తుంది. వెన్న దుకాణంలో కొన్నదైతే అది ఉప్పు వెన్నో కాదో చూడండి. ఉప్పు వెన్న వేసి, పిండికి వేరే ఉప్పు పూర్తిగా వేస్తే లెక్క తప్పుతుంది.

ఇంకా తక్కువ ఉప్పుతో అంతే రుచి కావాలంటే మరో పద్ధతి ఉంది. పిండి లోపల ఉన్న ఉప్పులో చాలా భాగం నాలుకకు తగలకుండానే గొంతు దిగిపోతుంది. అందుకే పిండిలో 2 గ్రాములే కలిపి, 3 గ్రాముల ఉప్పును మిక్సీలో పిండిలా మెత్తగా పట్టి, కారం, వేయించిన కరివేపాకు పొడితో కలిపి పక్కన పెట్టుకోండి. జంతికలు మూకుట్లోంచి తీసిన వెంటనే, పైన నూనె తడి మెరుస్తుండగానే, ఆ పొడి చల్లి పళ్లెం కుదపాలి. చల్లారాక చల్లితే అంటుకోక డబ్బా అడుగుకు చేరుతుంది, చివర్లో ఆ అడుగు పొడి తిన్నవాళ్లకే ఉప్పంతా పోతుంది. మొత్తం 5 గ్రాములే పడినా నాలుకమీద మొదటి స్పర్శే ఉప్పుగా తగులుతుంది.

వంటసోడా వేయకండి. గుల్లగా రావడానికి అని అర చిన్న చెంచా వేస్తే అందులో సుమారు 680 మిల్లీగ్రాముల సోడియం, అంటే దాదాపు 1.7 గ్రాముల ఉప్పుకు సమానం. పైగా సోడా ఎక్కువైతే జంతిక నూనె పీలుస్తుంది. గుల్లదనం వెన్నతో, లేదా పిండిలో పోసే రెండు చెంచాల వేడి నూనెతో వస్తుంది.

నూనె ఎక్కువ పట్టడానికి ఇంకో కారణం నూనె సరిగా కాగకపోవడం. చిన్న పిండి ఉండ వేస్తే అడుగుకు తగిలి వెంటనే తేలాలి. అడుగునే కూర్చుంటే ఇంకా కాగలేదు. పడీపడగానే తేలి ఎర్రబడితే ఎక్కువ కాగింది, అప్పుడు పైన మాడి లోపల మెత్తగా ఉంటుంది. 170 నుంచి 180 డిగ్రీల మధ్య వేయించడం మేలు. జంతిక చుట్టూ బుసబుసలాడే బుడగలు తగ్గి నూనె దాదాపు నిశ్శబ్దమైనప్పుడు తీయాలి. ఆ బుడగలు పిండిలోంచి పోతున్న నీరే. బుడగలు ఆగకముందే తీస్తే మర్నాటికి మెత్తబడతాయి, అప్పుడు జనం తప్పు ఉప్పు తగ్గించడం మీదకు నెడతారు. రంగు బంగారు వన్నె దగ్గర ఆపండి. 120 డిగ్రీలు దాటిన వేడిలో పిండి పదార్థాల్లో ఆక్రిలమైడ్ అనే అవాంఛిత పదార్థం పుడుతుంది, ముదురు గోధుమ రంగుకు వచ్చేకొద్దీ అది పెరుగుతుంది. మిగిలిన నూనె వడకట్టి ఒకటి రెండు రోజుల్లో తాలింపులకు వాడేయండి, మళ్లీ మూకుట్లో పోసి వేయించడానికి దాచకండి.

వేరే ఉప్పులు

సైంధవ లవణం వాడితే జంతికలు ఎన్నైనా తినవచ్చని నమ్మేవాళ్లు చాలామంది. సైంధవం కూడా సోడియం క్లోరైడే. ఇతర ఖనిజాలు అందులో ఉన్నది రంగు తెచ్చేటంత మాత్రమే. గ్రాముకు గ్రాము సోడియం ఇంచుమించు సమానం. అయొడిన్ కలపని రకమైతే ఆ లోటు అదనం.

సోడియం తగ్గించిన ఉప్పు అని అమ్మేది వేరు. అందులో కొంత భాగం సోడియం క్లోరైడ్ తీసి పొటాషియం క్లోరైడ్ కలుపుతారు. ఇది నిజంగా పనిచేస్తుంది. చైనాలో 600 పల్లెల్లో దాదాపు 21 వేలమందితో చేసి 2021లో ప్రచురించిన అధ్యయనంలో, నాలుగో వంతు పొటాషియం క్లోరైడ్ ఉన్న ఉప్పు వాడినవాళ్లలో పక్షవాతం 14 శాతం తగ్గింది. 2025లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా ఇలాంటి ఉప్పును, ఇంట్లో వంటకు, ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకోసం సూచించింది. పిల్లలను, గర్భిణులను, కిడ్నీ సమస్య ఉన్నవాళ్లను ఆ సూచనలోంచి మినహాయించింది.

ఆ మినహాయింపు మనకు చాలా ముఖ్యం. మూత్రపిండాలు బలహీనంగా ఉంటే పొటాషియం బయటికి పోక రక్తంలో పేరుకుంటుంది. అది హద్దు దాటితే గుండె లయ తప్పి ప్రాణం మీదికి వస్తుంది. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం లాంటి చోట, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు ఊరూరా కనిపించే చోట, ఈ ఉప్పును అందరికీ మంచిదని పంచిపెట్టడం పెద్ద తప్పు. టెల్మిసార్టాన్, లోసార్టాన్, రామిప్రిల్, ఎనలాప్రిల్, స్పైరొనోలాక్టోన్ మాత్రలు కూడా పొటాషియాన్ని ఒంట్లో నిలుపుతాయి. బీపీ మాత్ర పేరులో "సార్టాన్", "ప్రిల్" అని చివర ఉన్నవాళ్లు రక్తంలో పొటాషియం, కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ చూపించుకోకుండా ఈ ప్యాకెట్ విప్పకూడదు.

చెయ్యి ఎందుకు ఆగదు

నాలుగింటికి టీతో రెండే తిందామని కూర్చుంటే డబ్బా సగం అవుతుంది. కరకర, నూనె, ఉప్పు మూడూ కలిసిన తిండి నోట్లో చప్పున కరిగిపోతుంది, అందులో నీరు లేదు కాబట్టి కడుపు నిండిన కబురు ఆలస్యంగా అందుతుంది. దీన్ని నిగ్రహం లేకపోవడం అని తిట్టుకోవడం వల్ల ఉపయోగం లేదు. డబ్బాను కూర్చున్న చోటికి తేకూడదు. మూడో నాలుగో చిన్న గిన్నెలో వేసుకుని, మూత పెట్టి, డబ్బా పెట్టాల్సిన చోట పెట్టి వచ్చి కూర్చోవాలి. మళ్లీ కావాలంటే లేవాల్సి రావడమే సగం అడ్డుకట్ట.

సాయంత్రం ఆకలి నిజమైన ఆకలే కావచ్చు. పన్నెండున్నరకు భోంచేసి రాత్రి తొమ్మిదికి మళ్లీ తినేవాళ్లకు మధ్యలో ఎనిమిదిన్నర గంటల ఖాళీ ఉంటుంది. ఆ ఖాళీని మూడు జంతికలతో నింపలేం. ముందు కప్పుడు శనగల గుగ్గిళ్లో, పెసల గుగ్గిళ్లో నిమ్మరసం, ఉల్లిపాయ, పచ్చిమిర్చితో తిని, ఆ తర్వాత రెండు జంతికలు తింటే రెండుతోనే ఆగుతుంది. వేరుశనగకాయలు ఉప్పునీళ్లలో ఉడికించినవైతే అవీ ఉప్పే, ఇంట్లో ఉప్పు లేకుండా వేయించుకోండి. మరమరాలు కూడా రుచి చూసి వాడండి. వేయించే ముందు బియ్యానికి ఉప్పునీళ్లు పట్టించడం మామూలే కాబట్టి కొన్ని రకాలు విడిగానే ఉప్పగా ఉంటాయి.

పూర్తిగా మానాల్సిన వాళ్లు ఇంట్లో డబ్బా లేకుండా చూసుకోవడం, ఆ ఇంట్లో మిగతావాళ్లు తినదలిస్తే బయట తినడం మంచి పద్ధతి. పండుగకు చేసుకోక తప్పదనుకుంటే చిన్న వాయి, 200 గ్రాముల పిండితో చేసి, అదే రోజు ఇరుగుపొరుగుకు పంచేయండి.

ఐదు వారాల పరీక్ష

బీపీ మామూలుగా ఎక్కువుండి, పైన చెప్పిన గట్టి జబ్బులేవీ లేనివాళ్లు తమ ఒంటిని అడిగే నిర్ణయం తీసుకోవచ్చు. మొదటి వారం ఏమీ మార్చకండి. రోజూ పొద్దున, రాత్రి, వీపు ఆనించి, పాదాలు నేలకు పెట్టి, ఐదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చుని, చెయ్యి గుండె ఎత్తులో ఉంచి, నిమిషం తేడాతో రెండుసార్లు బీపీ చూసి రాసుకోండి. అంతకుముందు అరగంట కాఫీ, పొగ వద్దు. మొదటి రోజు అంకెలు వదిలేసి మిగతా ఆరు రోజుల సగటు తీయండి. ఇంట్లో చూసే కొలతలకు హద్దు 135/85.

తర్వాతి నాలుగు వారాలు పెరుగన్నంలో ఉప్పు, రాత్రి ఊరగాయ, అప్పడం ఆపి, కూరల్లో నాలుగో వంతు తగ్గించి, జంతికలు వారానికి రెండు రోజులు మూడేసి చొప్పున ఉంచండి. మాత్రలు వాడుతుంటే వాటిని అలాగే కొనసాగించండి, మీకై మీరు ఆపకండి. మధ్యలో లేవగానే కళ్లు తిరిగితే కాగితం పట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్లండి, మాత్ర మోతాదు తగ్గించాల్సిన అవసరం రావచ్చు. ఐదో వారంలో మళ్లీ రోజుకు రెండు పూటలా రాసి సగటు తీయండి.

పై అంకె నాలుగైదు తగ్గి హద్దులోకి వస్తే మీ జంతికలు మీకే ఉన్నాయి, అదే మోతాదులో. తగ్గి కూడా హద్దు పైనే ఉంటే మిగిలిన జంతికలు తీసేసి ఇంకో నాలుగు వారాలు చూడండి. అసలు కదలకపోతే ముందు ఉప్పు ప్యాకెట్ మీద రాసిన తేదీ చూడండి, ఇంట్లో ఉప్పు నిజంగా తగ్గిందో లేదో అది చెబుతుంది. ప్యాకెట్ ఎక్కువ రోజులు వచ్చినా బీపీ కదల్లేదంటే, 24 గంటల మూత్రంలో సోడియం పరీక్ష రాయమని డాక్టరును అడగండి. రోజుకు ఎంత ఉప్పు తింటున్నారో అందులో నేరుగా తేలుతుంది.